సాయంత్రం అయిదున్నర గండం

మా ఉప్పునుంతలలో సాయంత్రం అయిదున్నరయ్యేసరికి బడి గ్రౌండులో విజిల్ మోగుతుంది. అది వినపడగానే మా ఎదురింటి అక్క చేతిలో చేటున్నా, చీపురున్నా ఒక్క క్షణం ఆపి, "ఊదిండు చెల్లె" అంటుంది. మళ్ళీ తన పనిలో పడిపోతుంది. మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మాట విని నవ్వుతారు. మొగుడు విజిల్ ఊదితే అంత సంబరమా అని! ఏళ్ళ తరబడి ఆ మాట వింటున్న నాకు మాత్రం నవ్వు రాదు.

ఆమె భర్త మాజీ సైనికుడు. ఊళ్ళో అందరూ "మిల్ట్రీ" అంటారు. నాకు వరసకు బావ. పట్టాళంలో చేశాడు, తాగుడుకు బానిసయ్యాడు, మనిషిని కొట్టి జైలుకు పోయాడు, తిరిగొచ్చాడు. వాళ్ళ పేర్లు రాయనని మాటిచ్చాను. రాయమన్నది మాత్రం అక్కే. "నా లెక్క ఇంకెందరున్నరో, రాయి చెల్లె. కానీ ఆయనను దేవుణ్ణి చెయ్యకు, రాక్షసుణ్ణి చెయ్యకు" అని షరతు పెట్టింది.

బావ 1991లో మద్రాస్ రెజిమెంటులో చేరాడు. నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగు. పదిహేడేళ్ళు చేసి 2008లో పెన్షను మీద ఇంటికొచ్చాడు. అప్పటికి ఆయనకు ముప్పయి ఆరేళ్ళు! మన ఇళ్ళల్లో ఆ వయసుకు మగవాళ్ళు ఉద్యోగంలో అప్పుడప్పుడే కుదురుకుంటూ ఉంటారు. జవాన్లకు మాత్రం అది రిటైరయ్యే వయసు. నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో నంబరు, లోపల ఉన్ని స్వెట్టర్లు, క్యాంటీన్ సబ్బులు. ఊరంతా చూడ్డానికొచ్చింది. పెద్దమనుషులకు తలా ఓ గ్లాసు మిలటరీ రమ్ము. అప్పుడు మేమెవ్వరం దాన్ని తప్పు పట్టలేదు. నిజం చెప్పొద్దూ, మా ఆయన కూడా ఆ గ్లాసు తాగినవాడే.

పట్టాళంలో పొద్దున పీటీ, తర్వాత పరేడు, సాయంత్రం ఆటలు, రాత్రి రోల్‌కాల్. ప్రతిదానికీ ఓ విజిల్, ఓ బ్యూగిల్. నిద్ర లేవడం దగ్గర్నుంచి పడుకోవడం దాకా ఎవరో ఒకరు టైము చెప్పేవాళ్ళు. ఇంటికొచ్చాక ఆయనకు టైము చెప్పేవాళ్ళు లేరు. పొద్దున అయిదింటికి లేచి, గడ్డం గీసుకొని, బూట్లకు పాలిష్ వేసుకొని, ఎటు పోవాలో తెలియక అరుగు మీద కూర్చునేవాడు. పొలం పని మర్చిపోయాడు. అన్నదమ్ములు తమ సేద్యం తాము చేసుకుంటున్నారు. హైదరాబాదులో సెక్యూరిటీ గార్డు పనికి పోతే, తన కొడుకు వయసున్న సూపర్‌వైజరు "ఏయ్" అన్నాడని మూడో నెల తిరిగొచ్చేశాడు.

పగలు ఎలాగో గడిచేది. సాయంత్రమే గడిచేది కాదు. మనకు సాయంత్రం అంటే తల తిప్పుకోవడానికి టైముండదు. పాలు, పొయ్యి, పిల్లల చదువు, రాత్రి వంట. అదే టైములో మగవాళ్ళు ఖాళీ. క్యాంటీన్ బాటిలు రెండు మూతలతో మొదలై సగం దాకా పోయింది. నెల కోటా పది రోజులకే అయిపోతే మిగతా ఇరవై రోజులకు కల్లు దుకాణం ఉండనే ఉంది.

కల్లు అంటే తెలియని చెల్లెళ్ళ కోసం కాస్త చెప్పాలి. మా తెలంగాణలో పెళ్ళికీ, చావుకీ, బోనాలకీ కల్లు ఉంటుంది. అమ్మవారికి సాక పోసేది కూడా దాంతోనే. పొద్దున్నే ఈదుచెట్టు నుంచి గౌడన్న దింపిన కల్లును నేను తిట్టను. కానీ చెట్లు చూస్తే పదులు, తాగేవాళ్ళు వందలు. మిగతా కల్లు ఎక్కణ్ణుంచి వస్తోంది? నీళ్ళల్లో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తుకు డైజిపామ్, ఆల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతున్నారు. మొదటి రెండూ డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మాత్రలు. మూడోది మత్తుమందు. పాలమూరు జిల్లాలో ఏ ఆడదాన్నడిగినా "మందు కల్లు" అంటే చెప్తుంది. 2025 జులైలో హైదరాబాదులోని కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అప్పుడు పేపర్లన్నీ రాశాయి. మాకు అది కొత్త వార్త కాదు.

ఈ మందు కల్లుతో ఇంకో గండం ఉంది. తాగితే ఒక బాధ, తాగకపోతే ఇంకో బాధ. 2015లో సర్కారు దాడులు పెంచి దుకాణాల్లో మందు తగ్గేసరికి, పాలమూరు, నిజామాబాదు వైపు ఎందరో చేతులు వణుకుతూ, పిచ్చి మాటలు మాట్లాడుతూ ఆస్పత్రుల పాలయ్యారు. అలవాటుపడిన ఒంటికి ఆ మాత్ర ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్ కూడా వస్తాయి. సారా, బ్రాందీ బాగా తాగేవాళ్ళకూ అంతే. మొదటి రెండు మూడు రోజులు మరీ కష్టం. "ఇంట్లో పెట్టి తాళం వేస్తే అదే మానుతాడు" అనుకుంటాం చూడండి, అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఆస్పత్రిలో పెట్టి మందు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి.

మా అక్కకు ఇదేదీ తెలియని రోజుల్లో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పేస్తాను. బస్టాండు గోడ మీద "తాగేవారికి తెలియకుండానే మాన్పించబడును" అనే కాగితం చూసి, ఆ పొడి తెప్పించి అక్క చేతిలో పెట్టాను. "పప్పులో కలిపి పెట్టు, తెలియదు" అని చెప్పిందీ నేనే. నాలుగో రోజు బావ తాగొచ్చి అన్నం తిన్నాడు. కాసేపటికి ముఖం ఎర్రగా కందిపోయి, గుండె దడదడా కొట్టుకొని, వాంతుల మీద వాంతులు. అచ్చంపేటకు ఆటోలో తీసుకుపోయాం. ఆ పొడిలో ఏముందో ఈ రోజుకీ నాకు తెలియదు. అక్కడి డాక్టరు మాత్రం నన్ను కడిగి పారేశాడు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. 1940లలో డెన్మార్కు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అది వేసుకొని తాగితే ఒళ్ళు సరిగ్గా ఇలాగే తిరగబడుతుంది. తాగేవాడికి చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయం పరీక్ష చేసి ఇస్తే అది మందు. తెలియకుండా కూరలో కలిపితే విషంతో సమానం. బీపీ పడిపోయి ప్రాణం కూడా పోవచ్చు. మాత్ర మానేసినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుందట. మనం వండిన అన్నాన్ని వాళ్ళు కళ్ళు మూసుకొని తింటారు. ఆ నమ్మకంలో పొడి కలిపాను నేను. ఆ సంగతి బావకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాను. ఆయన "పప్పు చేదుగుంటే గప్పుడే అనుమానం వచ్చింది" అని ఊరుకున్నాడు.

ఇక ఆ రాత్రి సంగతి. 2013 ఎండాకాలం. గెట్టు పంచాయితీ. తమ్ముడి వరస అయ్యే ఆయన గెట్టు నాలుగు సాళ్ళు లోపలికి జరిపాడని బావ కోపం. పగలు మాట్లాడుకుంటే తెగిపోయే సంగతి. కల్లు దుకాణం నుంచి నేరుగా పొలానికి పోయి పారతో కొట్టాడు. ఆయన బతికాడు గానీ కుడిచెయ్యి మోచేతి దగ్గర సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ ఆ చేత్తో చెంబెత్తలేడు. ఈ కథలో బాధపడ్డది అక్క ఒక్కతే అని మీరనుకోకూడదనే ఇది రాస్తున్నాను. ఆ ఇంట్లోనూ ఒక ఆడమనిషి ఉంది. మొగుడి చెయ్యి పోతే ఆమే అరక పట్టింది.

రిమాండులో మూడో రోజు బావకు ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రిలో పెట్టారు, బతికాడు. 2014లో శిక్ష పడింది, మూడేళ్ళు. చెర్లపల్లి జైలుకు పంపారు. అక్కడ ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది, కూరగాయలు పండిస్తారు. మర్చిపోయిన సేద్యం ఆయన జైల్లో మళ్ళీ నేర్చుకున్నాడు! ఆ మూడేళ్ళు అక్క పత్తి ఏరింది, మిషను కుట్టింది, సంఘంలో అప్పు తీసుకొని బర్రెను కొంది. పెన్షను ఏటీఎం కార్డు అప్పిచ్చినాయన దగ్గర తాకట్టులో ఉంటే, వడ్డీతో సహా తీర్చి విడిపించుకుంది. ఇద్దరు పిల్లల చదువు ఆపలేదు.

2016 చివర్లో ఆయన తిరిగొచ్చాడు. పోయినప్పుడు మాది మహబూబ్‌నగర్ జిల్లా. వచ్చేసరికి నాగర్‌కర్నూల్ జిల్లా అయ్యింది. అవి నోట్ల రద్దు రోజులు. జనమంతా బ్యాంకుల ముందు లైన్లలో ఉండబట్టి ఆయన బస్సు దిగడం చాలామంది చూడనే లేదు. ఒక విధంగా అదే మంచిదయ్యింది.

మూడేళ్ళకు పైగా చుక్క ముట్టలేదు కదా, ఇక గండం గడిచిందనుకున్నాం. రెండు నెలలకు బావ చిన్నాయన పోయాడు. దినాల రోజు అందరూ కూర్చున్నారు. "ఒక్క గ్లాసు తాగితే ఏమైతది" అన్నారు. ఆ ఒక్క గ్లాసు నాలుగు నెలలు సాగింది. అక్క అప్పుడు ఏడ్వలేదు. పిల్లలిద్దరి బట్టలు సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టింది. ఆ సంచి నేను కళ్ళారా చూశాను.

జైల్లో అన్నేళ్ళు మానినవాడు ఊళ్ళో రెండు నెలలకే ఎందుకు పడిపోయాడు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తొలిచింది. మా అబ్బాయి చదివి చెప్పిన సంగతి ఒకటి ఇక్కడ రాయాలి. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు ఎందరో హెరాయిన్‌కు బానిసలయ్యారు. 1971లో వాళ్ళు ఇళ్ళకు తిరిగొస్తుంటే దేశమంతా భయపడింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వాళ్ళను వెతికి, కలిసి, లెక్క తీసింది. అక్కడ బానిసలైనవాళ్ళలో ఇంటికొచ్చిన మొదటి ఏడాది మళ్ళీ బానిసలైంది నూటికి అయిదుగురే. ఎవరూ నమ్మలేదట. ఆ మత్తు, ఆ స్నేహితులు, ఆ భయం అన్నీ వియత్నాంలోనే ఉండిపోయాయి. ఇంటి దగ్గర వేరే లోకం. మా బావది దానికి తలకిందులు. ఆయన మానింది జైల్లో. తాగుడు మొదలైన అరుగు, ఆ దుకాణం, ఆ దారి, ఆ మనుషులు, ఆ అయిదున్నర, అన్నీ ఊళ్ళోనే ఆయన కోసం కాచుకొని ఉన్నాయి. ఆయన ఊరు మార్చలేడు, పొలముంది. మరి మార్చగలిగింది ఏముంది?

2017 వానాకాలంలో అక్క ఆయన్ను హైదరాబాదులో ఒక ప్రభుత్వ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉంచి మందులతో కొద్దికొద్దిగా దించారు. పంపేటప్పుడు ఆవిడ బావను కాదు, అక్కను కూర్చోబెట్టి అడిగింది. "రోజులో ఏ టైముకు తాగబుద్ధవుతుందో మీకు తెలుసా?" అక్క తడుముకోకుండా చెప్పింది, "అయిదున్నర నుంచి ఎనిమిది." "అయితే ఆ రెండున్నర గంటలు చూసుకోండి. మిగతా రోజు ఆయన చూసుకుంటాడు" అందట డాక్టరమ్మ.

అక్క ఆ మాటను అక్షరాలా పట్టుకుంది. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు యావ పెరుగుతుందని విని, అయిదింటికే కడుపులో ఏదో ఒకటి పడేలా చూసింది. మా ఇళ్ళల్లో సాయంత్రం తినే అలవాటు లేదు, రాత్రి రొట్టే. అక్క మాత్రం పెద్ద గ్లాసు జొన్న అంబలి ఇచ్చేది. రాత్రి జొన్నపిండి నీళ్ళల్లో కలిపి పెట్టి, పొద్దున మరుగుతున్న నీళ్ళల్లో పోసి, గడ్డ కట్టకుండా కలుపుతూ ఉడికించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేస్తుంది. దాంతోపాటు దోసెడు ఉడికించిన పల్లికాయలు. తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిను బాగా తగ్గిపోతుంది. పల్లీలు, పెసలు, దంపుడు బియ్యంలో అది ఉంటుంది. డాక్టరు ఇచ్చే బి1 మందుకు ఇవి బదులు కావు, తోడు మాత్రమే. అయినా మా పాలమూరులో దొరికే పల్లీలకు కరువేముంది!

కడుపు నిండింది. మరి చేతులు, కాళ్ళు? మొదట్లో ఆ టైముకు బర్రెకు గడ్డి కోయడానికి పంపేది. దారిలో దుకాణం. ఇంకో దారిన పంపేది, కిలోమీటరు ఎక్కువ. ఒకరోజు చిన్నబ్బాయి బడిలో పరుగుపందెం ఉందని బావ వాడితో గ్రౌండుకు పోయాడు. నాలుగు రోజుల తర్వాత వాడి స్నేహితులు ఇద్దరు కలిశారు. అట్టడుగునున్న నల్ల ట్రంకు పెట్టె తెరిచి, అక్కే పాత విజిల్ తీసి ఇచ్చింది.

2018లో పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. మా వైపు పిల్లలకు పట్టాళం, పోలీసు ఉద్యోగాలంటే ప్రాణం. పరుగు నేర్పేవాళ్ళు లేక అచ్చంపేటకో, హైదరాబాదుకో పోయి డబ్బులు కట్టేవాళ్ళు. ఊళ్ళోనే ఉచితంగా నేర్పుతానని బావ అన్నాడు. ఒక్క తల్లీ పంపలేదు. "జైలుకు పోయొచ్చినోని దగ్గరికి పిల్లగాండ్లను పంపుతమా?" అని నా ఎదుటే అన్నారు. మా అబ్బాయి అప్పుడు ఇంటర్. "అమ్మా, నేను పోతా" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "చూద్దాంలే, పరీక్షలు కానీ" అన్నాను. ఎదురింటి అక్క కష్టమంతా చూసినదాన్ని, పొడి తెచ్చిచ్చినదాన్ని, నేనే అలా అన్నాను. వాడు చెప్పకుండా పోయాడు. వారం తర్వాత తెలిసి, ఓ సాయంత్రం గ్రౌండు గోడ చాటున నిలబడి చూశాను. బావ పిల్లలతో పాటు తానూ పరుగెత్తుతున్నాడు. ఒకడు వెనకబడితే వాడి పక్కనే మెల్లగా నడుస్తున్నాడు. ఒక్క తిట్టు లేదు. నేను ఇంటికొచ్చి మా అబ్బాయికి పాలు కాచిపెట్టాను, ఏమీ అనలేదు.

2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. అప్పటికి గ్రౌండులో ఆడపిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళు ఉన్నన్నిసేపూ అక్క కూడా గట్టు మీద కూర్చోవాలని తల్లులు అడిగారు. అందులో తప్పేముంది, అడగాల్సిందే. అక్క కుట్టుపని చేతపట్టుకొని అక్కడే కూర్చునేది.

తాగుబోతుల భార్యలు ఏమవుతారన్నది చాలామంది రాయరు. అమెరికాలో బిల్ విల్సన్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేసినవాడు, పెద్ద తాగుబోతు. 1935లో ఒక డాక్టరుతో కలిసి, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు ఆసరా అయ్యే సంఘం పెట్టాడు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్. మన దేశంలోనూ ఉంది, డబ్బులు తీసుకోరు. ఆయన భార్య లోయిస్, అలాంటి ఇళ్ళవాళ్ళ కోసం 1951లో ఆల్-అనాన్ అనే ఇంకో సంఘం మొదలుపెట్టింది. మన చెన్నైలో శాంతి రంగనాథన్ గారు తాగుడు వల్ల భర్తను పోగొట్టుకొని, అలాంటివాళ్ళ వైద్యం కోసం 1980లో సంస్థ పెట్టారు. 1992లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది నెల్లూరు జిల్లా దూబగుంటలో మన తెలుగు ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. దుకాణం మూయించడం పెద్ద పనే. మూసిన తర్వాత ఇంట్లో మిగిలిన మనిషిని ఏం చేయాలన్నది మాత్రం ప్రతి ఆడదీ ఒంటరిగా తేల్చుకోవలసి వస్తోంది. అక్కలాంటివాళ్ళు ఇంట్లోంచే ఫోన్ చేసి అడగడానికి ఇప్పుడు ఉచిత నంబర్లున్నాయి. మత్తు మాన్పించే సలహాకు 14446, మనసు బాగోలేనప్పుడు టెలిమానస్ 14416. అప్పట్లో మాకు తెలిసుంటే బస్టాండు పొడి జోలికి పోయేదాన్ని కాదు. మాజీ సైనికుల ఇళ్ళవాళ్ళకైతే ఈసీహెచ్‌ఎస్ కార్డు మీద వైద్యం ఉంటుంది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

బావ పూర్తిగా బాగుపడ్డాడా అని మీరు అడగొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో గ్రౌండు మూసినప్పుడు రెండుసార్లు తాగాడు. అక్క కేకలు వేయలేదు, డాక్టరమ్మకు ఫోన్ చేసింది. మర్నాటి నుంచి ఇంటి డాబా మీద ఒక్కడే అటూ ఇటూ పరుగెత్తాడు. కింద ఉన్న మాకు సున్నం రాలేది! ఆయనకు ఇప్పటికీ కోపం ఎక్కువే. పెళ్ళిళ్ళకు పోతే తిని వెంటనే వచ్చేస్తాడు. చావులకు పొద్దున పోతాడు, దినాలకు పోడు. బంధువులు తప్పు పడతారు. పట్టనీ అంటుంది అక్క.

ఆ చెయ్యి విరిగిన తమ్ముడి ఇంటికి బావ ఏటా విత్తనాల ముందు పోయి, వాళ్ళ రెండెకరాలు దున్ని వస్తాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. నాలుగు సాళ్ళ గెట్టును తానే వెనక్కి జరిపి రాళ్ళు పాతాడు. ఆ తమ్ముడి భార్య మాత్రం ఇన్నేళ్ళలో అక్కతో గానీ, బావతో గానీ ఒక్క మాట మాట్లాడలేదు. బోరింగు దగ్గర ఎదురుపడితే బిందె పక్కకు జరిపి దారిస్తుంది, అంతే. అక్క కూడా పలకరించే ప్రయత్నం చేయదు. "ఆమె మాట్లాడకుంటేనే నయం చెల్లె. మాట్లాడితే నేనేం జెప్తా?" అంటుంది.

మొన్న సంక్రాంతి ముందు, వాళ్ళ చిన్నకొడుకు గ్రౌండు దగ్గరికొచ్చి గేటు బయట నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళుంటాయి. బావ చూశాడు, పిలవలేదు. మూడు రోజులు అలాగే నిలబడి పోయాడు. నాలుగో రోజు బూట్లు తొడుక్కొని వచ్చి వరసలో చివర నిలబడ్డాడు. ఆ బూట్లు కొత్తవి. వాళ్ళమ్మ చూడకుండా కొనుక్కునేంత డబ్బు వాడి దగ్గర లేదని మా అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం అక్క రెండు గ్లాసుల అంబలి ఎక్కువ కలిపింది. విజిల్ ఊదింది. ఈసారి అక్క ఏమీ అనలేదు. పల్లికాయల గిన్నె ఎత్తుకొని గ్రౌండు వైపు నడిచింది.